గాలం లోతుగా మింగిన చేపను బతికించి వదలడం ఎలా? (సుంకేసులలో జరిగిన సంగతి, మీ సలహాలు కావాలి)

హంద్రీ ఒడ్డు (కర్నూలు):

సభ్యులందరికీ నమస్కారం. గత ఆదివారం సుంకేసుల ఆనకట్టకు దిగువన, తుంగభద్రలో నీళ్లు తగ్గి మడుగులు కట్టిన చోట, నేను మా తమ్ముడి కొడుకును వెంటబెట్టుకొని గాలం వేశాను. వానపాము ఎర, మామూలు బెండు, కొన వెనుక ముల్లు ఉన్న సాధారణ గాలం. పిల్లవాడి దారం చిక్కుపడితే విప్పుతూ కూర్చున్నందువల్ల నా బెండు ఎప్పుడు మునిగిందో చూసుకోలేదు. రెండు మూడు నిమిషాల తరువాత లాగితే, కిలోకు కొంచెం తక్కువగా ఉన్న కొరమీను వచ్చింది. ఇంటికి సరిపడా ఒక చేపను ఉంచుకొని మిగిలినవి వదిలేయడం నాకు రెండేళ్లుగా అలవాటు. ఆ రోజు అప్పటికే ఒక చేప సంచిలో ఉంది కాబట్టి దీనిని వదిలేయాలని అనుకున్నాను.

నోరు తెరిచి చూస్తే గాలం కనిపించలేదు. తంగూసు (గాలానికి కట్టిన నైలాన్ దారం) మాత్రం నాలుక మీదుగా గొంతులోకి దిగిపోయి ఉంది. ప్లైయర్ లోపలికి పెట్టి, దొరికిన దానిని పట్టుకొని తిప్పి లాగాను. గాలం వచ్చింది, దానితోపాటు గోరంత ఎర్రటి కండ ముక్క కూడా వచ్చింది. నోరంతా రక్తం నిండింది. వెంటనే నీళ్లలో వదిలాను. కొంచెం దూరం పోయి పక్కకు ఒరిగింది. పావుగంట పైగా చూస్తూ నిలబడ్డాము, ఇక కదలలేదు. "పెదనాన్నా, మనం వదిలేశాము కదా, మరి ఎందుకు చచ్చిపోయింది?" అని పిల్లవాడు అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. గాలాన్ని తీయడంలో నేను చేసిన తప్పేమిటో, అటువంటప్పుడు ఏమి చేయాలో అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పెన్నా గట్టు (జమ్మలమడుగు, కడప జిల్లా):

హంద్రీ ఒడ్డు గారూ, మీరు గాలాన్ని తీసిన పద్ధతిలో తప్పు వెతకవలసిన పని లేదు, అసలు తీయబోవడమే తప్పు. చాలామంది నాలుగైదు చేపలు పోగొట్టుకున్న తరువాత గాని ఈ సంగతి తెలుసుకోరు, నేనూ మైలవరం జలాశయం దగ్గర అలాగే తెలుసుకున్నాను.

చేప గుండె పొట్ట మధ్యలో ఎక్కడో ఉంటుందని మనం అనుకుంటాము. అది మొప్పల వెనుక, గొంతుకు సరిగ్గా అడుగున ఉంటుంది. అక్కడి నుంచే రక్తం నేరుగా మొప్పలకు పోతుంది. అంటే గాలం మింగిన చేపలో ఆ ఇనుప కొన, గుండెకూ మొప్పల రక్తనాళాలకూ అతి దగ్గరగా గుచ్చుకొని ఉంటుంది. కొన వెనుక ముల్లు ఉన్నందువల్ల అది వచ్చిన దారిలోనే వెనక్కి రాదు, పట్టుకున్న కండను చీల్చుకొనే వస్తుంది. మీ చేతికి వచ్చిన ఆ ముక్క అదే.

అందువల్ల గాలం పెదవికో దవడకో నోటి ముందు భాగానికో తగిలి కంటికి కనిపిస్తూ ఉంటే తీయండి. గొంతు దాటి పోయి ఉంటే తంగూసును కత్తిరించి వదిలేయండి. కత్తిరించేటప్పుడు చేపను వీలైనంతవరకు నీటిలోనే ఉంచి, తంగూసును బిగువుగా, కానీ లాగకుండా పట్టుకొని, సన్నని కత్తెరను నోటిలోకి పెట్టి గాలం కంటికి, అంటే తంగూసు కట్టే రంధ్రానికి, వీలైనంత దగ్గరగా కోయాలి. బయట మూరెడు తంగూసు వేలాడుతూ ఉంటే అది చెట్ల వేళ్లకూ రాళ్లకూ చుట్టుకుంటుంది, చేప మేత తినేటప్పుడు అడ్డుపడుతుంది. అలాగని ఆ చివరి అంగుళం కోసం గొంతులో కత్తెరను తిప్పడం మళ్లీ మొదటి తప్పే అవుతుంది.

వేరుశనగ చేను (అనంతపురం):

పెన్నా గట్టు గారి మాటను కాదనడం లేదు, కానీ నాకు ఒక సందేహం ఎప్పటి నుంచో ఉంది. కడుపులో ఇనుప కొక్కెం పెట్టుకొని ఆ చేప ఎలా బతుకుతుంది? మన కళ్ల ముందు చచ్చిపోలేదు కాబట్టి మనకు తృప్తిగా ఉంటుంది గాని, నాలుగు రోజులు బాధపడి ఎక్కడో నీటి అడుగున చస్తే అది ఇంకా అన్యాయం కాదా? పెన్నహోబిలం జలాశయం దగ్గర మా బృందంలో ఈ విషయం మీద ప్రతిసారీ వాదన జరుగుతుంది. మా అనుమానాన్ని తీర్చే ఆధారం ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పగలరు.

మొప్ప-పొలుసు (కడప):

నేను మత్స్యశాస్త్రం చదువుకున్నాను. వేరుశనగ చేను గారు అడిగినది న్యాయమైన ప్రశ్న, దీనిని నిజంగానే పరీక్షించి చూశారు. కెనడాలో బ్లూగిల్ అనే మంచినీటి చేపల మీద చేసిన పరిశోధన 2009లో అచ్చయింది. గాలాన్ని లోతుగా మింగిన చేపలలో కొన్నింటికి గాలం తీసివేశారు, కొన్నింటికి దారం మాత్రం కత్తిరించారు. గాలం తీసిన వాటిలో 48 గంటలలో 33 శాతం, 10 రోజులు గడిచేసరికి 44 శాతం చనిపోయాయి. దారం కత్తిరించిన వాటిలో 48 గంటలలో 8 శాతం, 10 రోజులలో 12.5 శాతం మాత్రమే చనిపోయాయి. మీ సందేహానికి అన్నింటికంటే దగ్గరగా వచ్చే అంశం మరొకటి ఉంది: గాలం లోపలే ఉండిపోయిన చేపలలో 71 శాతం పైగా ఆ 10 రోజులలోపే దానిని తమంతట తామే బయటికి పంపించివేశాయి.

బ్లూగిల్ చిన్న చేప, అక్కడి నీరు మన నీటికంటే చల్లన. కాబట్టి ఆ అంకెలను యథాతథంగా కొరమీనుకో శీలావతికో అంటగట్టకూడదు. అయినా రెండు పద్ధతుల మధ్య ఉన్న తేడా అంత పెద్దది కాబట్టి, దారం కత్తిరించడమే మేలు అని నేను ధైర్యంగా చెప్పగలను.

గాలం ఏ లోహంతో చేసినది అన్నదీ ముఖ్యమే. మామూలు ఉక్కు గాలం నీటిలో తుప్పు పట్టి బలహీనపడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు గాలం సులభంగా తుప్పు పట్టదు. అది ఎక్కువ కాలం మన్నుతుందని దుకాణదారు చెబితే నమ్మి కొనకండి, చేపలను వదిలేవారికి ఆ మన్నికే చెడుపు.

కె.సి. కాలువ గట్టు (కర్నూలు):

నాకు అరవై నాలుగేళ్లు. చిన్నతనం నుంచి ఈ కాలువ మీదే గాలం వేస్తున్నాను. పిల్లలు చెప్పుకుంటున్న పరిశోధనలు బాగున్నాయి, చదివి సంతోషించాను. కానీ ఒక మాట పెద్దవాడిగా చెప్పాలి. మొప్పల నుంచి రక్తం ధారగా కారుతున్న చేపను నీళ్లలో వదలడం దయ కాదు. అది బతకదని తెలిసీ వదిలితే, తినే చేపను పారేసినట్లే. అటువంటి దానిని వెంటనే తల మీద కొట్టి బాధ లేకుండా చంపి, ఇంటికి తీసుకుపోయి వండుకోండి. ఇంటికి ఒకటి చాలు అన్న మీ నియమం మంచిదే గాని, ఆ ఒకటి ఏదన్నది గాయాన్ని చూసి నిర్ణయించుకోండి. హంద్రీ ఒడ్డు నాయనా, ఆ రోజు సంచిలో ఉన్న మొదటి చేపను నీళ్లలో ప్రాణంతో కట్టి ఉంచుకొని ఉంటే, దానిని వదిలి రెండోదానిని ఉంచుకోవడానికి వీలుండేది.

ఇంకొక సంగతి. వానలు మొదలయ్యాక, నీటి పైన ఎర్రగా గుంపుగా తిరిగే కొరమీను పిల్లలు మీకు కనిపిస్తే, ఆ చుట్టుపక్కల గాలం వేయవద్దు. వాటి కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. ఆ సమయంలో అది ఆకలితో ఎరను పట్టదు, పిల్లల దగ్గరికి వచ్చిన ప్రతిదాని మీదా కోపంతో పడుతుంది. దానిని మీరు పది నిమిషాలు ఒడ్డున ఉంచి, ఎంత జాగ్రత్తగా వదిలినా, అది తిరిగి వెళ్లేలోపు ఆ పిల్లలను జెల్లలూ పక్షులూ మిగల్చవు.

హంద్రీ ఒడ్డు (కర్నూలు):

పెద్దాయనా, మీరు చెప్పినది మనసుకు తగిలింది. ఇక మీదట అలాగే చేస్తాను.

ఒక విషయం అడగాలి. మొప్ప కప్పును ఎత్తి, పక్క నుంచి సన్నని చిమటాను లోపలికి పంపి, గాలం వంపును తలకిందులుగా తిప్పి నోటి ద్వారా తీసే పద్ధతిని ఒక వీడియోలో చూశాను. చూడటానికి చాలా తేలికగా కనిపించింది. దానిని నేర్చుకోవడం మంచిదా?

పెన్నా గట్టు (జమ్మలమడుగు, కడప జిల్లా):

నేను ఆ పద్ధతిని ప్రయత్నించి మానుకున్నాను. విదేశాలలో బాస్ అనే పెద్ద నోటి చేపలకు దానిని వాడతారు. వాటి నోరు గుప్పిట పట్టేంత వెడల్పుగా తెరుచుకుంటుంది, గాలం ఎటు తిరిగి ఉందో స్పష్టంగా కనిపిస్తుంది. మన కొరమీను నోటిలో వరుసగా పళ్లు ఉంటాయి, చేయి పెడితే కరుస్తుంది, చిమటా పెడితే తల విదిలిస్తుంది. ఆ విదిలింపులో చిమటా మొన ఒక్క మొప్ప దువ్వెనకు తగిలినా రక్తం ఆగదు. నా మాట విని చిమటాకు పెట్టే డబ్బుతో పొడవాటి మూతి ఉన్న కత్తెరను కొనుక్కోండి.

మొప్ప-పొలుసు (కడప):

పెన్నా గట్టు గారితో ఏకీభవిస్తున్నాను. మన ప్రాంతంలో దొరికే చేపలన్నింటినీ ఒకే రకంగా వదలకూడదు. దీనిని కొంచెం వివరంగా రాయాలనుకుంటున్నాను, ఓపికగా చదవగలరు.

కొరమీనుకు మొప్పలతోపాటు వాటి పైన గాలిని పీల్చుకొనే మరొక అవయవం ఉంటుంది. అది తప్పనిసరిగా నీటి పైకి వచ్చి గాలి పీల్చాలి, పైకి రాలేకపోతే నీటిలోనే ఊపిరాడక చనిపోతుంది. ఇది తెలియక చాలామంది అలసిపోయిన కొరమీనును లోతైన నీటిలోకి, ప్రవాహంలోకి విసిరేస్తారు. దానిని మోకాలి లోతు కూడా లేని ప్రశాంతమైన అంచున, గడ్డి పక్కన వదలండి. అది కొద్దిపాటి శ్రమతో తల పైకెత్తి ఒక గుక్క గాలి తీసుకోగలగాలి. వలసంచిలో ఉంచేవారు కూడా సంచి పూర్తిగా మునగకుండా పైన కొంత ఖాళీ వదలాలి.

బొచ్చె, శీలావతి, మోసు, బంగారు తీగ వంటివి దీనికి పూర్తిగా భిన్నం. నీటి నుంచి పైకి తీయగానే వాటి మొప్పలలోని సన్నని రేకులు ఒకదానికొకటి అంటుకుపోయి ఊపిరి ఆడదు. ఫోటో కోసం ఎత్తి పట్టుకున్న ప్రతి క్షణం, పరుగెత్తి అలసిన మనిషి ముక్కూ నోరూ మూసినట్లే. మీరు ఊపిరి బిగబట్టి, మీకు ఊపిరి తీసుకోవాలనిపించేలోపే దానిని నీటిలో దించండి. దించిన తరువాత కొందరు ముందుకూ వెనక్కూ ఊపుతారు. అలా ఊపవద్దు, వెనక్కి లాగినప్పుడు మొప్పలలో నీరు తప్పు దారిలో పోతుంది. పొట్ట కింద చేయి పెట్టి నిటారుగా, తల ప్రవాహానికి ఎదురుగా ఉండేటట్లు పట్టుకుంటే చాలు, బలం వచ్చాక అదే జారిపోతుంది.

బతుకుతుందో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన గుర్తు ఉంది. నీటిలో ఉంచే, చేపను మెల్లగా ఒక పక్కకు వంచి దాని కంటిని చూడండి. ఒళ్లు వంగినా, ఆరోగ్యంగా ఉన్న చేప కనుగుడ్డు తిరిగి నేలకు సమంగా నిలబడటానికి ప్రయత్నిస్తుంది. బొమ్మ కన్ను లాగా ఒంటితోపాటే వంగిపోతే, ఆ చేప చాలా దెబ్బతిన్నదని అర్థం.

ఎండాకాలం గురించి కూడా చెప్పాలి. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు, 30 డిగ్రీలకు వచ్చేసరికి అది సుమారు ఏడున్నరకు పడిపోతుంది. అదే సమయంలో వేడి వల్ల చేప శరీరానికి కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలలలో మన ఎండకు, అందులోనూ పెనుగులాడి అలసిన చేపకు ఇది ఎంత కష్టమో ఊహించండి. పచ్చగా పాచి పట్టిన చెరువులో అయితే ఆక్సిజన్ అన్నింటికంటే తక్కువగా ఉండేది మిట్టమధ్యాహ్నం కాదు, తెల్లవారుజామున. మొక్కలూ పాచీ రాత్రంతా ఆక్సిజన్ వాడుకుంటాయే గాని తయారు చేయలేవు. అటువంటి చెరువులో సూర్యుడు బాగా పైకి వచ్చాకే గాలం వేయడం మంచిది.

వేరుశనగ చేను (అనంతపురం):

మొప్ప-పొలుసు గారూ, అంకెలతో చెప్పినందుకు ధన్యవాదాలు. మా బృందంలో ఈ పేజీని అందరికీ చదివి వినిపించాను.

మింగకుండా చూసుకోవడం గురించి నా అనుభవం రాస్తాను. మేము బొచ్చెలకూ శీలావతులకూ వేరుశనగ చెక్క, తవుడు కలిపిన ముద్దను వాడతాము. ముద్ద చుట్టూ ఐదారు గాలాలు వేలాడదీసే పద్ధతి మా వైపు ఎక్కువ. చేప ముద్దను పీలుస్తుంది, ఏదో ఒక గాలం లోపలికి పోతుంది, మిగిలినవి పెనుగులాటలో కంటికో మొప్పకో పొట్టకో గుచ్చుకుంటాయి. శీలావతి దవడలలో పళ్లు ఉండవు గాని గొంతులో నమిలే పళ్లు ఉంటాయి. గాలం అక్కడి దాకా పోతే మన కంటికి కనిపించదు. గత ఏడాది నుంచి నేను ముద్దకు ఒకే గాలం కడుతున్నాను. చేపలు తగ్గాయా అంటే కొంచెం తగ్గాయి, అబద్ధం చెప్పను. కానీ చీరుకుపోయిన మొప్పలతో వచ్చిన చేపను నేను ఈ ఏడాది ఒక్కటి కూడా చూడలేదు.

సర్కిల్ హుక్ అనే, కొన లోపలికి తిరిగి ఉండే గుండ్రని గాలాన్ని కూడా వాడి చూశాను. మొదటి నెల రోజులు ఒక్క చేప కూడా నిలవలేదు. బెండు మునగగానే చివుక్కున లాగడం నా చేతికి ఉన్న అలవాటు, ఆ గాలానికి అది పనికిరాదు. తంగూసు బిగిసేదాకా ఆగి, మెల్లగా, ఆపకుండా చుట్టుకుంటూ పోతే అది గొంతులో నుంచి జారివచ్చి నోటి మూలలో తనంతట తాను తగులుకుంటుంది. కొన పక్కకు వంగి ఉన్న రకం కాకుండా, నేల మీద పెడితే సమంగా ఆనుకొనే రకాన్ని అడిగి కొనండి, పక్కకు వంగినది మళ్లీ లోతుగానే గుచ్చుకుంటుంది.

కె.సి. కాలువ గట్టు (కర్నూలు):

మా కాలంలో ఇవేవీ లేవు. కానీ తంగూసును చూపుడు వేలి మీద ఆనించి పట్టుకొని కూర్చునేవాళ్లం. చేప ఎరను ముట్టిన సంగతి బెండు కంటే ముందు వేలికి తెలుస్తుంది. కర్రను ఒడ్డున గుచ్చి, గంట కట్టి, చెట్టు కింద పడుకుంటే ప్రతి చేపా మింగుతుంది. ఒక మనిషి ఎన్ని కర్రలు చూసుకోగలడో అన్నే వేయాలి. నా మట్టుకు నాకు ఒకటే.

పెన్నా గట్టు (జమ్మలమడుగు, కడప జిల్లా):

గాలం ముల్లును ప్లైయర్‌తో నొక్కి చదును చేసుకోవడం ఇంకా సులువైన పని, ఖర్చు లేదు. తంగూసు వదులు కాకుండా చూసుకుంటే చేప తప్పించుకోదు. ఒకసారి నా బొటనవేలికే గాలం దిగింది. ముల్లు నొక్కి ఉన్నందువల్ల అరనిమిషంలో తీసుకోగలిగాను.

తువ్వాలుతో పట్టుకొనేవారికి ఒక మనవి. పొడి తువ్వాలుతో పట్టిన తరువాత దానిని వెలుతురులో చూడండి, మెరిసే జిగురు అంటుకొని ఉంటుంది. అది చేప ఒంటిని బూజు నుంచి కాపాడే పొర. మీ గుడ్డకు వచ్చినంత మేర దాని ఒళ్లు బోసిపోయినట్లే. చేతులు తడుపుకొని పట్టుకోవాలి, ఒడ్డున వేడెక్కిన బండల మీద పెట్టకూడదు.

తుంగభద్ర పాయ (మంత్రాలయం, కర్నూలు జిల్లా):

చర్చ బాగుంది. అందరూ వదలడం గురించే చెబుతున్నారు కాబట్టి ఒక సందేహం: ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ గాలం మింగితే కూడా దారం కత్తిరించి వదలాలా?

మొప్ప-పొలుసు (కడప):

వదలకూడదు. దాని పెంపకాన్ని మన దేశంలో నిషేధించారు. అది ఇతర చేపలనూ కప్పలనూ దొరికినదల్లా తింటుంది. మన వాలుగలకూ జెల్లలకూ దానివల్ల చోటు లేకుండా పోతోంది. దొరికితే బాధ పెట్టకుండా చంపేయండి. కానీ మన నాటు మార్పు చేపను అదే అనుకొని చంపవద్దు. రెండింటికీ మీసాలూ పొడవాటి వీపు రెక్కా ఉంటాయి, పరిమాణంలో మాత్రం మార్పు చేప చాలా చిన్నది. అనుమానం ఉంటే తెలిసినవారికి చూపించాకే నిర్ణయించుకోండి.

హంద్రీ ఒడ్డు (కర్నూలు):

మూడు వారాల తరువాత రాస్తున్నాను. నిన్న గాజులదిన్నెకు వెళ్లాము. ముల్లు నొక్కిన గాలాలు, ఒకే కర్ర, పొడవు మూతి కత్తెర, తడిపిన చేతులు. దొరికిన ఐదు చేపలలో నాలుగింటికి గాలం పెదవికే తగిలింది. పిల్లవాడు వాటిని నీటిలోనే ఉంచి తానే తీశాడు.

ఐదవది అరకిలో శీలావతి, నేను ఎంత జాగ్రత్తగా ఉన్నా మింగేసింది. నోరు తెరిచి చూశాను, గాలం కనిపించలేదు, రక్తం కూడా లేదు. చేయి ప్లైయర్ వైపు పోయింది, ఆపుకున్నాను. పిల్లవాడు రెండు చేతులతో దానిని నీటిలో పట్టుకున్నాడు, నేను తంగూసును బిగువుగా పట్టి కత్తిరించాను. లోపల ఎంత మిగిలిందో నాకు తెలియదు గాని, బయటికి మాత్రం ఏమీ వేలాడలేదు. ఒకసారి పక్కకు వంచమని చెప్పాను. "పెదనాన్నా, కన్ను తిరిగింది" అన్నాడు. ఇంకొంతసేపు అలాగే పట్టుకొని ఉన్నాడు. తోక ఒక్కసారి కొట్టి, వాడి మొహం మీద నీళ్లు చల్లి, లోతుకు పోయింది. గంటసేపు ఆ ఒడ్డునే ఉన్నాము, ఎక్కడా పైకి తేలలేదు.

కోసిన తంగూసు ముక్కలను జేబులో వేసుకొని ఇంటికి తెచ్చాము. వాటిని చెత్తలో వేసే ముందు వేలెడు పొడవు ముక్కలుగా కత్తిరిస్తే పక్షుల కాళ్లకు చుట్టుకోకుండా ఉంటాయని పిల్లవాడు అంటున్నాడు. మీరేమంటారు?

కె.సి. కాలువ గట్టు (కర్నూలు):

వాడు చెప్పినది సరైనదే, నాయనా. వచ్చే ఆదివారం వాడిని కాలువ దగ్గరికి తీసుకురా, వేలి మీద తంగూసు పట్టుకోవడం నేర్పిస్తాను.